డీజిల్ కారుకి ఆయిల్ ఎప్పుడు మార్చాలి: 5,000కా, 10,000కా?

విశాఖలో గాజువాక ఆటోనగర్‌లో ఏ షెడ్డుకి వెళ్లినా డీజిల్ బండికి 5,000 కిలోమీటర్లకి ఆయిల్ మార్చాల్సిందే అంటారు. షోరూమ్ సర్వీస్ సెంటర్‌లో అడిగితే 10,000 లేదా ఏడాది, ఏది ముందొస్తే అది అంటారు. ఆయిల్ డబ్బా మీద 15,000 అని రాసి ఉంటుంది. జర్మనీలో ఉంటున్న బంధువు ఫోన్లో మాట్లాడుతూ తన కారుకి 30,000కి ఒకసారి మారుస్తానని చెప్తాడు. డీజిల్ కారు ఉన్న ఇంట్లో ఈ మాటల్లో రెండో మూడో ఎప్పుడో ఒకప్పుడు వినే ఉంటారు. ఎవరి మాట పట్టుకోవాలో తేలక, చాలామంది మధ్యలో ఒక అంకె అనుకుని 7,500కి మార్పించేస్తుంటారు.

నిజానికి వీళ్లలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఎవరికి వాళ్లు ఒక రకం ఇంజిన్‌నీ, ఒక రకం డీజిల్‌నీ, ఒక రకం రోడ్డునీ మనసులో పెట్టుకుని చెప్తున్నారు. అంకె సంగతి తేలాలంటే ముందు ఆయిల్ ఎందుకు పాడవుతుందో చూడాలి.

## ఇంజిన్ లోపల ఆయిల్ చేసే పని

పిస్టన్‌కీ సిలిండర్ గోడకీ మధ్య, క్రాంక్‌షాఫ్ట్‌కీ దాని బేరింగులకీ మధ్య పల్చటి పొరలా నిలబడి లోహం లోహాన్ని రాసుకోకుండా చూడటం ఆయిల్ మొదటి పని. ఇది అందరికీ తెలుసు. దీంతోపాటు పిస్టన్ దగ్గరి వేడిని లాక్కుని చాంబర్‌లోకి, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోకి, తెస్తుంది. పిస్టన్ రింగుల దగ్గర సందులు మూసి కంప్రెషన్ జారిపోకుండా చూస్తుంది. ఇంధనం మండినప్పుడు పుట్టే ఆమ్లాలను విరిచేస్తుంది. మసిని ఒకచోట గడ్డ కట్టనివ్వకుండా తనలో తేలుస్తూ ఉంచుతుంది.

ఆఖరి రెండు పనులూ చేసేవి నూనెలో కలిపిన అడిటివ్‌లు. ఆమ్లాన్ని విరిచే కాల్షియం, మెగ్నీషియం డిటర్జెంట్లు, మసిని విడివిడిగా ఉంచే డిస్పర్సెంట్లు, అరుగుదలని తగ్గించే జింక్ సమ్మేళనాలు, ఇలా చాలా ఉంటాయి. అసలు నూనె అంత త్వరగా అరిగిపోదు. అడిటివ్‌లు మాత్రం రోజూ కొంచెం కొంచెంగా ఖర్చవుతుంటాయి. ఆయిల్ అయిపోయింది అంటే అవి అయిపోవస్తున్నాయనీ, లోపల చేరిన చెత్త మోయగలిగిన దానికంటే ఎక్కువవుతోందనీ అర్థం.

ఈ బరువు పెట్రోల్ బండిలో కంటే డీజిల్ బండిలో ఎక్కువ. డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్గు ఉండదు. గాలిని దాని పరిమాణంలో 15 నుంచి 18వ వంతుకి నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. తుంపరగా పడిన డీజిల్ గాలితో పూర్తిగా కలిసేలోపే మండటం మొదలవుతుంది కాబట్టి, గాలి సరిగా అందని చోట మసి పుడుతుంది. అందులో ఎక్కువ భాగం సైలెన్సర్ వైపు పోతుంది, కొంత రింగుల పక్కనుంచి జారి ఆయిల్‌లో కలుస్తుంది. పొగలో కాలుష్యం తగ్గించడానికి పెట్టిన ఈజీఆర్ వాల్వ్ బయటికి పోవాల్సిన పొగలో కొంత భాగాన్ని మళ్లీ ఇంజిన్‌లోకే పంపిస్తుంది. దాంతో మసి ఇంకాస్త పెరుగుతుంది. ఇక ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే టర్బో ఉంది. నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరిగే ఆ ఇరుసు నిలబడేది ఆయిల్ పొర మీదే. ఇంజిన్‌లో మిగతా భాగాలు కొంత ఓర్చుకుంటాయి కానీ టర్బో పాడైన ఆయిల్‌ని ఎక్కువకాలం భరించలేదు.

## నల్లబడితే పాడైనట్టేనా

షెడ్డులో జరిగేది ఒకసారి దగ్గరగా చూద్దాం. మెకానిక్ బానెట్ ఎత్తుతాడు, ఆయిల్ గేజ్ పుల్ల బయటికి లాగుతాడు. వేస్ట్ గుడ్డతో ఒకసారి తుడిచి, మళ్లీ ముంచి తీస్తాడు. చివర వేలాడుతున్న చుక్కని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసి, ఆ రెండు వేళ్లూ మన ముందు పెడతాడు. "చూడండి సార్, ఎంత నల్లగైపోయిందో. ఇంక ఆగితే ఇంజిన్ బోర్‌కొచ్చేస్తాది."

ఆ నలుపు చూసిన ఎవరికైనా టెన్షన్ వస్తుంది. బీచ్ రోడ్డులో బజ్జీల బండి దగ్గర మూకుడులో నూనె నల్లగా కనిపిస్తే అది పారబోయాల్సిందే అనుకుంటాం కదా, ఇక్కడా మనసు అలాగే లెక్కేస్తుంది. కానీ డీజిల్ ఇంజిన్ ఆయిల్‌కి ఆ లెక్క పనిచేయదు. కొత్త ఆయిల్ పోశాక కొన్ని వందల కిలోమీటర్లలోనే అది నల్లబడుతుంది. పాత బండైతే పోసి, స్టార్ట్ చేసి, గేజ్ తీసి చూస్తే అప్పుడే రంగు మారిపోయి ఉంటుంది. చాంబర్‌లో మిగిలిన కాస్త పాత ఆయిల్‌లోని మసి చాలు కొత్తదాని రంగు మార్చడానికి. నల్లగా ఉందంటే డిస్పర్సెంట్లు మసిని పట్టుకుని తేలుస్తున్నాయన్నమాట. మసి అలా తేలకుండా గోడలకీ, రంధ్రాలకీ అంటుకున్నప్పుడే అసలు ఇబ్బంది.

ఆయిల్ ఫిల్టర్ ఉంది కదా, మసిని అది పట్టుకోదా అని కొందరు అడుగుతారు. మామూలు ఫిల్టర్ లోహపు రజను, ఇసుక రేణువుల లాంటి పెద్ద వాటిని పట్టుకుంటుంది. విడివిడిగా తేలే మసి రేణువు మైక్రాన్‌లో (మిల్లీమీటరులో వెయ్యో వంతు) చిన్న వంతు మాత్రమే, ఫిల్టర్ కాగితంలోంచి సులువుగా దూరిపోతుంది. అందుకే ఫిల్టర్ ఎంత మంచిదైనా మసిని బయటికి పంపే దారి ఒక్కటే, ఆయిల్‌ని దింపేయడం.

గేజ్ పుల్ల రంగు గురించి చెప్పకపోయినా, ఇంకో రెండు విషయాలు చెప్తుంది. ఒకటి మట్టం. రెండోది వాసన. వాటి సంగతి కొత్త డీజిల్ కార్లలో మసిని పట్టే డీపీఎఫ్ గురించి చెప్పేటప్పుడు వస్తుంది.

## మీటర్ చూపించని గంటలు

ట్రాక్టర్‌కీ, జనరేటర్‌కీ, పొక్లెయిన్‌కీ ఆయిల్ మార్చే లెక్క గంటల్లో ఉంటుంది. వాటికి కిలోమీటర్లతో పని లేదు, ఇంజిన్ ఎన్ని గంటలు తిరిగిందన్నదే కొలత. కారుకి కిలోమీటర్లు పెట్టింది సౌకర్యం కోసం, ఎందుకంటే ఆ మీటర్ అందరికీ ఎదురుగా ఉంటుంది. అయితే ఆయిల్ లోపల జరిగేది మాత్రం ట్రాక్టర్‌లో జరిగేదే.

చిన్న లెక్క చేసి చూద్దాం. హైవే మీద సగటున గంటకి 60 కిలోమీటర్ల వేగంతో తిరిగే కారు 10,000 కిలోమీటర్లు పూర్తిచేయడానికి 167 గంటలు పడుతుంది. అదే కారు మద్దిలపాలెం, ఆశీల్‌మెట్ట, జగదాంబ మధ్య సగటున 20 కిలోమీటర్ల వేగంతో తిరిగితే అదే 10,000కి 500 గంటలు. మీటర్‌లో రెండూ ఒకటే, ఆయిల్‌కి మాత్రం మూడు రెట్లు తేడా. నగరంలో తిరిగే బండికి 5,000కే మార్చినా 250 గంటలు నడిచినట్టే, అంటే హైవే బండి 10,000కి నడిచిన దానికంటే ఎక్కువే.

సిగ్నల్ దగ్గర ఏసీ వేసుకుని ఆగి ఉన్న సమయం కూడా ఈ గంటల్లోనే వస్తుంది. హనుమంతవాక దగ్గరో, గాజువాక జంక్షన్‌లోనో బండి కదలకపోయినా ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది, మసి చేరుతూనే ఉంటుంది. కంపెనీ 10,000 అన్నప్పుడు అది ఎలాంటి వాడకానికో మాన్యువల్‌లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. చాలా కంపెనీల మాన్యువల్‌లో కఠిన వాడకం అనే పట్టిక విడిగా ఉంటుంది. తరచూ చిన్న చిన్న ప్రయాణాలు, ఎక్కువసేపు ఆగి ఇంజిన్ ఆన్‌లో ఉంచడం, ఎండలో ఆగుతూ సాగే ట్రాఫిక్, దుమ్ము రోడ్లు, ఘాట్ రోడ్లు, టాక్సీ వాడకం, ఇవన్నీ అందులో ఉంటాయి. అలాంటప్పుడు గడువు తగ్గించమని, చాలాచోట్ల సగానికి తగ్గించమని అదే పుస్తకం చెప్తుంది. విశాఖ రోడ్ల మీద తిరిగే ఏ బండి ఆ జాబితాలో కనీసం ఒకదానికైనా దొరక్కుండా ఉంటుంది? షోరూమ్ చెప్పే 10,000, మెకానిక్ చెప్పే 5,000 చాలాసార్లు ఒకే పుస్తకంలో పక్కపక్క పేజీల్లోనే ఉన్నాయన్న సంగతి నాకు ఈ గొడవ మొత్తంలో ముఖ్యమైనదిగా అనిపిస్తుంది.

## నాలుగు కిలోమీటర్ల ప్రయాణం ఆయిల్‌కి ఎందుకు బరువు

తక్కువ తిరిగే బండికి ఆయిల్ బాగుంటుందని అనుకోవడం సహజం. అలా ఉండదు. ఒక లీటర్ డీజిల్ మండితే ఇంచుమించు ఒక లీటర్ నీరు ఆవిరి రూపంలో పుడుతుంది. దాదాపు అంతా సైలెన్సర్ నుంచి పోతుంది, పొద్దున్నే కారు వెనక కారే నీళ్లు అవే. కొంచెం మాత్రం రింగుల పక్కనుంచి చాంబర్‌లోకి దిగుతుంది. ఇంజిన్ బాగా వేడెక్కి కొంతసేపు అలాగే నడిస్తే ఆ నీరు ఆవిరై బ్రీదర్ గొట్టం ద్వారా బయటపడుతుంది.

డాష్‌బోర్డ్ మీద టెంపరేచర్ ముల్లు మధ్యకి వచ్చిందంటే కూలెంట్ వేడెక్కింది అని. ఆయిల్ దాని వెనక నెమ్మదిగా వేడెక్కుతుంది, పైగా డీజిల్ ఇంజిన్ పెట్రోల్ దానికంటే ఆలస్యంగా వేడెక్కుతుంది. నాలుగైదు కిలోమీటర్లు వెళ్లి ఆపేస్తే నీరు ఆవిరి కాకముందే ఇంజిన్ చల్లారిపోతుంది. ఆ నీరు ఆమ్లంతో కలుస్తుంది, మసి గడ్డ కట్టడానికి దారి చేస్తుంది. ఆయిల్ మూత తీసినప్పుడు లోపలివైపు లేత గోధుమరంగు జిగురు కనిపిస్తే అది ఎక్కువసార్లు ఈ నీటి పనే. కూలెంట్ కారడం వల్ల కూడా అలా రావచ్చు కాబట్టి కూలెంట్ మట్టం తగ్గుతోందా అని చూస్తే రెండిట్లో ఏదో తేలుతుంది.

"ఏడాది, ఏది ముందొస్తే అది" అన్న షరతు పెట్టింది ఇందుకే. కిలోమీటర్లు తక్కువ తిరిగినా కాలం గడిచేకొద్దీ ఆయిల్ గాలితో కలిసి ఆక్సీకరణం చెందుతుంది, ఆమ్లాలు విరుగుతూ అడిటివ్‌లు ఖర్చవుతాయి.

## డీపీఎఫ్ వచ్చాక ఆయిల్‌లో డీజిల్

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 కాలుష్య ప్రమాణం అమల్లోకి వచ్చింది. అప్పటినుంచి అమ్మిన డీజిల్ కార్లలో పొగ గొట్టం దారిలో డీపీఎఫ్ ఉంటుంది. మసిని పట్టి ఉంచే జల్లెడ లాంటి పింగాణీ గది అది. పాత డీజిల్ కారు నడిపి ఇటీవల కొత్తది కొన్నవాళ్లకి ఎక్కువ గందరగోళం దీంతోనే వస్తోంది, అందుకే ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి.

గది నిండితే పొగ బయటికి పోదు. అందుకని కొన్ని వందల కిలోమీటర్లకి ఒకసారి అందులోని మసిని కాల్చేసే ఏర్పాటు ఉంది, దాన్ని రీజనరేషన్ అంటారు. మసి కాలాలంటే ఆ గదిలో దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి. హైవే మీద బండి బాగా లాగుతున్నప్పుడు కొంత దానంతటదే కాలిపోతుంది. నగరంలో అంత వేడి రాదు. అప్పుడు కంప్యూటర్ ఒక పని చేస్తుంది. పిస్టన్ కిందికి దిగిపోతున్న సమయంలో, అంటే ఆ డీజిల్ బండిని నడపడానికి పనికిరాని వేళలో, సిలిండర్‌లోకి ఇంకొంచెం డీజిల్ కొడుతుంది. అది పొగతోపాటు వెళ్లి ముందున్న క్యాటలిస్ట్‌లో మండి డీపీఎఫ్‌ని వేడెక్కిస్తుంది. ఇలా కాకుండా పొగ గొట్టంలోనే విడిగా ఇంజెక్టర్ పెట్టిన ఇంజిన్లు కూడా కొన్ని ఉన్నాయి, వాటిలో ఇప్పుడు చెప్పబోయే బాధ తక్కువ.

ఆలస్యంగా కొట్టిన ఆ డీజిల్ అంతా పొగతో పోదు. కొంత సిలిండర్ గోడకి తడిగా అంటుకుని, రింగులు దాటి, చాంబర్‌లోకి జారుతుంది. పెట్రోల్ అయితే వేడి ఆయిల్‌లోంచి త్వరగా ఆవిరైపోతుంది. డీజిల్ మరగాలంటే 180 నుంచి 360 డిగ్రీల దాకా వేడి కావాలి, ఆయిల్ మామూలుగా 100 డిగ్రీల చుట్టూనే ఉంటుంది. కాబట్టి దిగిన డీజిల్‌లో ఎక్కువ భాగం అక్కడే ఉండిపోతుంది. ఆయిల్ పల్చబడుతుంది. గేజ్ పుల్ల మీద మట్టం తగ్గాల్సింది పోయి పెరుగుతుంది.

రీజనరేషన్ పూర్తవడానికి ఒక వేగంలో సుమారు 10 నుంచి 20 నిమిషాలు నడవాలి. అది మొదలైనప్పుడు చాలా బండ్లు పెద్దగా ఏమీ చెప్పవు. ఆగినప్పుడు ఇంజిన్ చుట్లు మామూలుకంటే కొంచెం ఎక్కువగా ఉండటం, స్క్రీన్ మీద మైలేజ్ ఒక్కసారిగా పడిపోవడం, ఆపేశాక కూడా ఫ్యాన్ గట్టిగా తిరగడం దాని గుర్తులు. ఎంవీపీ కాలనీ నుంచి సిరిపురం వెళ్లే దారిలో రీజనరేషన్ మొదలైందనుకోండి. ఆఫీసు వచ్చేసింది, కీ తిప్పి ఆపేశారు. కాల్చడం సగంలో ఆగిపోయింది, కొట్టిన డీజిల్‌లో కొంత ఆయిల్‌లోకి చేరిపోయింది. సాయంత్రం మళ్లీ మొదలవుతుంది, మళ్లీ ఇంటి దగ్గర ఆగుతుంది. ఇలా వారం గడిస్తే డీపీఎఫ్ లైటు వెలుగుతుంది, అప్పటికి ఆయిల్‌లో డీజిల్ వాసన వస్తుంటుంది.

మట్టం గరిష్ఠ గీత దాటితే అది కేవలం పల్చబడటంతో ఆగదు. ఎక్కువైన ఆయిల్ బ్రీదర్ దారిలో ఇంజిన్‌లోకే పీల్చుకుపోతే, డీజిల్ ఇంజిన్ ఆ ఆయిల్‌నే ఇంధనంగా చేసుకుని కీ తీసేసినా ఆగకుండా పరుగెత్తే ప్రమాదం ఉంది. అరుదే అయినా, గీత దాటిన మట్టాన్ని కిలోమీటర్లతో సంబంధం లేకుండా వెంటనే ఆయిల్ దింపాల్సిన పరిస్థితిగా చూసేది ఇందుకే.

డీపీఎఫ్ వల్ల ఇంకో చిక్కు ఉంది, అది ఎంత తరచుగా అన్నదానికంటే ఏ ఆయిల్ అన్నదానికి సంబంధించింది. ఇంజిన్‌లో కొంచెం ఆయిల్ ఎప్పుడూ మండుతూనే ఉంటుంది. అందులోని కాల్షియం, జింక్ లాంటివి బూడిదగా మారి డీపీఎఫ్‌లో చేరతాయి. మసిని కాల్చవచ్చు, బూడిదని కాల్చలేం, అది అక్కడే శాశ్వతంగా పేరుకుంటుంది. అందుకని డీపీఎఫ్ బండ్లకి బూడిద తక్కువ వచ్చే ఆయిల్ కావాలి. డబ్బా మీద ఏసీఈఏ (ఐరోపా కార్ల కంపెనీల సంఘం) సీ2, సీ3 లాంటి గుర్తులు ఉండేవి అవే. పాత బండ్లకి, లారీలకి వాడే సీఐ-4 15డబ్ల్యూ-40 ఆయిల్ తెచ్చి బీఎస్-6 కారులో పోసి, 5,000కే మార్చేస్తున్నాం కదా అని ధీమాగా ఉండేవాళ్లు ఉన్నారు. మాన్యువల్ చెప్పిన ఆయిల్ 10,000కి మార్చడం దానికంటే మేలు. ఈ విషయంలో నాకు ఏ అనుమానమూ లేదు.

15డబ్ల్యూ, 5డబ్ల్యూ అన్నవి చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా పారుతుందో చెప్పే అంకెలు, తర్వాతి 30, 40 వేడెక్కాక చిక్కదనం. మార్చే గడువుకి వీటితో నేరుగా సంబంధం లేదు.

## ఆ 5,000 ఎక్కడినుంచి వచ్చింది

మెకానిక్ చెప్పే లెక్కని కొట్టిపారేసే ముందు అది పుట్టిన కాలాన్ని చూడాలి. డీజిల్‌లో గంధకం ఉంటుంది. అది మండి ఆమ్లంగా మారుతుంది. ఆయిల్‌లో ఆమ్లాన్ని విరిచే శక్తిని టీబీఎన్ అనే అంకెతో కొలుస్తారు. బీఎస్-3 డీజిల్‌లో గంధకం 350 పీపీఎం (పది లక్షల వంతుల్లో 350) దాకా ఉండేది. 2017 ఏప్రిల్‌లో బీఎస్-4 దేశమంతటా వచ్చాక 50కి దిగింది, 2020లో బీఎస్-6తో 10కి. మల్కాపురం దగ్గర 1957లో మొదలైన రిఫైనరీ ఉన్న మన ఊళ్లో ఈ మార్పు గురించి వినని ఇల్లు తక్కువే ఉంటుంది. కానీ అది కారు ఆయిల్ గడువుని కూడా మార్చిందన్న సంగతి ఎవరూ పెద్దగా చెప్పలేదు.

350 ఉన్న రోజుల్లో, మినరల్ ఆయిల్ పోసే రోజుల్లో, 5,000కి టీబీఎన్ బాగా పడిపోయేది. అప్పటి ఇంజిన్లు విప్పి, అడుగున పేరుకున్న మడ్డి చేత్తో తీసినవాళ్లు చెప్పే మాట అది. ఇప్పుడు డీజిల్‌లో గంధకం 35వ వంతుకి తగ్గింది, ఆయిల్ సింథటిక్ అయింది. ఆమ్లం కోణంలో చూస్తే పాత 5,000కి ఇప్పుడు అంత బలం లేదు. అయితే డీపీఎఫ్ తెచ్చిన డీజిల్ కలవడం అనే కొత్త కారణం నగరంలో తిరిగే బండిని మళ్లీ ఆ 5,000 వైపే నెడుతోంది. అంకె అదే, దాని వెనక కారణం మారింది.

డబ్బా మీది 15,000 గురించి కూడా ఇక్కడే చెప్పొచ్చు. సింథటిక్ నూనె వేడికి త్వరగా విరిగిపోదు, అది నిజం. కానీ మసి, డీజిల్, నీరు బయటినుంచి వచ్చి కలిసేవి. నూనె ఎంత మేలురకమైనా వాటి రాకని ఆపలేదు. ఐరోపాలో 30,000 అన్నదానికి వేరే ఆధారం ఉంది. దానికోసమే తయారైన ఆయిల్, ఎక్కువసేపు ఒకే వేగంతో సాగే రోడ్లు, ఇంజిన్ చుట్లూ వేడీ లెక్కేసి గడువు తగ్గించే కంప్యూటర్, ఈ మూడూ కలిస్తేనే అక్కడ ఆ గడువు ఇస్తారు.

## సముద్రం, ఎండ, దుమ్ము

సముద్రపు గాలికి ఆయిల్ త్వరగా పాడవుతుందని ఊళ్లో ఒక నమ్మకం ఉంది. ఉప్పు గాలి బాడీనీ, సైలెన్సర్‌నీ తుప్పు పట్టిస్తుంది, బీచ్ రోడ్డు అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకి అది బాగా అనుభవం. చాంబర్‌లోని ఆయిల్‌కి దాని ప్రభావం చాలా తక్కువ. లోపలికి వచ్చే నీటిలో ఎక్కువ భాగం మండిన డీజిల్‌దే, గాలిలో తేమది కొంచెమే.

ఎండ సంగతి కూడా అంతే. బయట 30 ఉన్నా 40 ఉన్నా థర్మోస్టాట్ ఇంజిన్‌ని 90 డిగ్రీల చుట్టూనే ఉంచుతుంది. ఎండాకాలం ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని పాకుతున్నప్పుడు, ఘాట్ ఎక్కుతున్నప్పుడు మాత్రం ఆయిల్ వేడి పెరుగుతుంది.

దుమ్ము మాత్రం నిజంగా పట్టించుకోవాల్సిన విషయం. పోర్టు చుట్టుపక్కల బొగ్గు, ఇనుప ఖనిజం దుమ్ము గురించి ఎన్నో ఏళ్లుగా జనం మొత్తుకుంటున్నారు. స్టీల్‌ప్లాంట్, పరవాడ వైపు లారీలు లేపే మట్టి సరేసరి. ఇసుక రేణువు గట్టిది, సిలిండర్ గోడని గీరుతుంది. కానీ అది లోపలికి రావాల్సిన దారి ఎయిర్ ఫిల్టరే. కాబట్టి దుమ్ము ప్రాంతంలో ఆయిల్ మార్చే గడువు తగ్గించి ఎయిర్ ఫిల్టర్‌ని వదిలేస్తే ప్రయోజనం సగమే.

## షోరూమ్ లెక్క, షెడ్డు లెక్క

షోరూమ్ పక్షాన చెప్పాలంటే, కంపెనీ ఇచ్చిన గడువు ఊహించి రాసింది కాదు. ఇంజిన్లని టెస్ట్ బెంచ్ మీద వేల గంటలు తిప్పి, ఆయిల్ తీసి పరీక్షించి ఇస్తారు. వారంటీ ఉన్నన్నాళ్లు ఇంజిన్ పాడైతే ఖర్చు వాళ్లదే కాబట్టి మరీ ప్రమాదకరంగా పెంచరు. మరోవైపు, సర్వీస్ ఖర్చు తక్కువ అని చెప్పుకోవడం అమ్మకానికి పనికొస్తుంది. వారంటీ అయ్యాక రెండు లక్షల కిలోమీటర్ల దగ్గర ఇంజిన్ ఎలా ఉందన్నది వాళ్ల లెక్కలో అంత బరువుగా ఉండదు.

షెడ్డు మెకానిక్ దగ్గరికి వచ్చేవి ఎక్కువగా పాడైన బండ్లే. టర్బో పోయినవి, ఆయిల్ పంప్ జల్లెడ మూసుకుపోయినవి రోజూ చూసేవాడికి జాగ్రత్త ఎక్కువ ఉండటంలో తప్పేమీ లేదు. ఇబ్బంది లేకుండా రెండు లక్షలు తిరిగిన బండ్లు మాత్రం అతని కంట పడవు. ఆయిల్ మార్పిస్తే నాలుగు డబ్బులు వస్తాయన్నదీ నిజమే, కానీ ఆ ఒక్క కారణంతో అతని అనుభవాన్ని తీసేయడం అన్యాయం.

ఈ ఇద్దరి మధ్య తీర్పు చెప్పగలిగేది ల్యాబ్. మన పోర్టుకి వచ్చే పెద్ద ఓడల్లో ఇంజిన్ ఆయిల్‌ని తేదీ చూసి పారబోయరు. నమూనా తీసి పరీక్షకి పంపుతారు. అందులో ఇనుము ఎంత, సిలికాన్ ఎంత, మసి ఎంత శాతం, ఇంధనం ఎంత కలిసింది, టీబీఎన్ ఎంత మిగిలింది అన్నవి చూసి నిర్ణయిస్తారు. ఇనుము పెరిగితే అరుగుదల, సిలికాన్ పెరిగితే దుమ్ము. వందల, వేల లీటర్ల ఆయిల్ ఉన్నచోట పరీక్ష ఖర్చు గిట్టుబాటవుతుంది. కారులో పట్టేది ఇంజిన్‌ని బట్టి 3 నుంచి 6 లీటర్లు. పరీక్ష ఖర్చు, తిరుగుడు చూసుకుంటే కొత్త ఆయిల్ పోయించడమే తేలిక. అందుకే కారు విషయంలో అంచనాలే మిగులుతాయి.

## మూడు బండ్లు

ఎంవీపీ కాలనీలో ఉండి ద్వారకానగర్‌లో పనిచేసే ఒకరి బీఎస్-6 డీజిల్ కారు అనుకుందాం. ఒకవైపు 5 కిలోమీటర్లు, నెలకి 25 రోజులు. ఏడాదికి 3,000 కిలోమీటర్లు, 600 స్టార్ట్‌లు. సగటు వేగం 15 అనుకుంటే 200 గంటలు. ఈ బండికి 10,000 రావడానికి మూడేళ్లు దాటుతుంది, కాబట్టి కిలోమీటర్ల మాట పక్కన పెట్టాల్సిందే. ప్రతి స్టార్ట్ చల్లటి ఇంజిన్‌తోనే, రీజనరేషన్ ఒక్కటీ పూర్తికాదు. ఏడాది గడువు దీనికి గరిష్ఠం. గేజ్ మట్టం పెరుగుతుంటే ఆరు నెలలకే మార్చడం అతి జాగ్రత్త కాదు. నెలకి రెండుమూడుసార్లు ఆనందపురం వైపు హైవే మీద అరగంట నడిచే అలవాటు ఉంటే ఇదే బండి పరిస్థితి చాలా మెరుగవుతుంది.

రెండోది మధురవాడ నుంచి పరవాడ ఫార్మాసిటీకి వెళ్లొచ్చే బండి. ఒకవైపు దాదాపు 40 కిలోమీటర్లు, ఏడాదికి 24,000. సగటు 30 వేగం అనుకుంటే 10,000కి 333 గంటలు, అయిదు నెలల్లో అయిపోతుంది. రోజూ ఇంజిన్ పూర్తిగా వేడెక్కుతుంది, రీజనరేషన్‌కి సమయం దొరుకుతుంది. ఇలాంటి బండికి మాన్యువల్ చెప్పిన 10,000 సమర్థించుకోదగ్గదే. గాజువాక ట్రాఫిక్, పరవాడ దుమ్ము లెక్కేసి 8,000 దగ్గర ఆగేవాళ్లని కూడా తప్పుపట్టలేం.

మూడోది అరకు టూరిస్ట్ టాక్సీ. వెళ్లిరావడం, బొర్రా గుహలు, చుట్టుపక్కల తిప్పడం కలిపి ఒక ట్రిప్పుకి 250 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాటాక అనంతగిరి ఘాట్‌లో రెండో గేరు, మూడో గేరు మీద టర్బో గట్టిగా పనిచేస్తుంది. ప్రయాణికులు దిగి తిరుగుతుంటే, బండిలో కూర్చున్న పెద్దవాళ్ల కోసం ఏసీ వేసి ఉంచడం మామూలే. అలా ట్రిప్పుకి రెండు గంటలు అనుకుంటే, 10,000 కిలోమీటర్లకి 40 ట్రిప్పులు, 80 గంటలు ఒక్క కిలోమీటరు కూడా కదలకుండా ఇంజిన్ తిరిగినట్టు. టాక్సీ, ఘాట్, ఆగి నడపడం, కఠిన వాడకం పట్టికలో మూడు గుర్తులు పడ్డాయి. దీనికి 5,000 నుంచి 7,000 అన్న మెకానిక్ మాటే మాన్యువల్ మాట కూడా.

## ఖర్చు లెక్క

ఆయిల్, ఫిల్టర్, కూలీ కలిపి ఒకసారికి రూ.5,000 అనుకుందాం. లక్ష కిలోమీటర్లకి 10,000 చొప్పున పదిసార్లు, రూ.50,000. 5,000 చొప్పున ఇరవైసార్లు, లక్ష రూపాయలు. తేడా కిలోమీటరుకి 50 పైసలు. లీటరుకి 16 ఇచ్చే బండిలో డీజిల్ ధర రూ.96 అనుకుంటే ఇంధనానికే కిలోమీటరుకి 6 రూపాయలు పోతుంది. దానితో చూస్తే చిన్న మొత్తం. కానీ రెండో ఉదాహరణలోని బండికి ఆ అదనపు రూ.50,000తో వచ్చే లాభం చాలా తక్కువ, మూడో బండికి ఒక్క టర్బో కాపాడినా అది గిట్టినట్టే.

మార్చిన ప్రతిసారీ నాలుగైదు లీటర్ల పాత ఆయిల్ మిగులుతుంది. కేంద్రం 2016లో తెచ్చిన వ్యర్థాల నిబంధనల ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం, నమోదైన రీసైక్లర్లకే చేరాలి. వర్షం పడినప్పుడు కొన్ని షెడ్ల ముందు నీళ్ల మీద రంగురంగుల పొర గెడ్డల్లోకి పారుతుంటే, అక్కడినుంచి అది సముద్రంలోకే వెళ్తుంది. అవసరం లేకుండా రెట్టింపుసార్లు మార్చడానికి ఇది కూడా ఒక ఖర్చే, మన బిల్లులో కనిపించదు అంతే.

## చరిత్ర తెలియని బండి

2020లో మారుతి డీజిల్ కార్లు ఆపేశాక, పాత స్విఫ్ట్, డిజైర్ డీజిల్‌లకి సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లో గిరాకీ ఉంది. వాటిలోని 1.3 లీటర్ ఇంజిన్‌లో పట్టేది సుమారు 3 లీటర్ల ఆయిలే, అంత తక్కువలో మసి త్వరగా చిక్కబడుతుంది. పైగా దాని టైమింగ్ చైన్‌ని బిగువుగా పట్టి ఉంచేది ఆయిల్ ప్రెషరే. ముందు ఓనర్ ఎప్పుడెప్పుడు మార్పించాడో తెలియదు, మీటర్ వెనక్కి తిప్పి ఉండొచ్చన్న అనుమానం ఒకటి.

అలాంటి బండికి కొనగానే ఆయిల్, ఫిల్టర్ మార్చి, మళ్లీ 2,000 లోపే ఇంకోసారి మార్చే పద్ధతి చాలామంది మెకానిక్‌లు పాటిస్తారు. కొత్త ఆయిల్‌లోని డిటర్జెంట్లు లోపల పాత మడ్డిని కొంచెం కొంచెంగా కరిగించి తమలో కలుపుకుంటాయి, ఆ మొదటి ఆయిల్ త్వరగా నిండిపోతుంది, అందుకని. గట్టి ఫ్లషింగ్ ద్రవం పోసి ఒక్కసారిగా కడిగేయడం మీద మాత్రం భిన్నాభిప్రాయాలున్నాయి. ఊడిన మడ్డి పెళ్లలుగా వెళ్లి పంప్ జల్లెడకి అడ్డం పడితే ఆయిల్ పైకి ఎక్కదని భయపడేవాళ్లు ఎక్కువ, ఆ భయంలో అర్థముంది. రెండోసారి పోసిన ఆయిల్ గ్రేడ్, తేదీ, మీటర్ రీడింగ్ రాసిన బిల్లు చేతికి వచ్చాకే ఆ బండికి 5,000 అన్నా 10,000 అన్నా లెక్కపెట్టడానికి ఒక మొదలు దొరుకుతుంది.